ఫైనల్ కంటే కొత్తది ముందొచ్చింది

పోయిన సంచికకి వచ్చిన కథలూ కవితలూ ఒకచోట సర్దే పని నాకు అప్పజెప్పారు. సీఎస్ఈ వాడివి కదా, ఫోల్డర్ల సంగతి నువ్వే చూసుకో అన్నారు. అలాగే చూసుకున్నాను, ఒక్కటి తప్ప.

ఒక జూనియర్ వాళ్ళ నాన్న గురించి కథ రాసింది. మొదట పంపిన దాంట్లో నాన్న అసలు పేరు, ఆయన చేసిన అప్పు, అప్పిచ్చినాయన ఇంటిపేరుతో సహా అన్నీ ఉన్నాయి. వారం తర్వాత అవన్నీ మార్చి ఇంకోటి పంపింది. "అన్నా, పాతది తీసేయండి, ఇదే వేయండి ప్లీజ్" అని మెసేజ్ కూడా పెట్టింది. సరేనమ్మా అన్నాను. వేసింది మాత్రం పాతదే. రెండు గంటల సేపు అది ఆన్‌లైన్‌లో ఉంది. వాళ్ళ పిన్ని చదివి ఫోన్ చేశాక గానీ ఆ అమ్మాయికి తెలీలేదు, ఆ అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేశాక గానీ నాకు తెలీలేదు.

తీసేశాం, సరైనది పెట్టాం, సారీ చెప్పాం. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోల్డర్ తెరిచి చూశాను, అసలు తప్పు ఎక్కడ జరిగిందా అని. 41 ఫైళ్ళు. సగం రచయితల ఫోటోలు, సగం వర్డ్ ఫైళ్ళు. అన్నీ పెద్ద పెద్ద ఐకాన్లుగా, కింద పేర్లు అరకొరగా. ఆ అమ్మాయివి రెండు ఉన్నాయి: "నాన్న సైకిల్ కొత్తది", "నాన్న సైకిల్ ఫైనల్". పాపం, ఫైనల్ అనుకున్నాక మళ్ళీ మార్చింది కాబట్టి దానికి కొత్తది అని పేరు పెట్టింది. విండోస్ ఏమో అక్షర క్రమంలో పేర్చింది. 'క' ముందు, 'ఫ' తర్వాత. చివర ఉన్నది, పైగా ఫైనల్ అని రాసి ఉన్నది, నేను కళ్ళు మూసుకుని తీసుకున్నాను.

అంటే ఫోల్డర్ నాకు ఎలా కనిపించిందో దాన్ని బట్టే నేను నిర్ణయం తీసుకున్నాను. మనం ఫోల్డర్‌లో చూసేది ఫైళ్ళు కాదు, ఫైళ్ళ గురించి కంప్యూటర్ రాసి చూపించే ఒక జాబితా. డిస్క్ మీద ఫైళ్ళు ఒక వరుసలో నిలబడి ఏమీ ఉండవు. ఏ వరుసలో చూపించాలి, ఏ వివరాలు చూపించాలి, ఏవి దాచాలి అన్నది వ్యూ సెట్టింగ్ చేతిలో ఉంటుంది. వ్యూ మార్చితే ఫైలుకి ఏమీ అవ్వదు, కాబట్టి భయపడకుండా కెలకొచ్చు. (లినక్స్ తెలుగు అనువాదాల్లో ఫైల్‌ని దస్త్రం అంటారు, ఫోల్డర్‌ని సంచయం అంటారు. దస్త్రం నాకు నచ్చింది, పాతకాలం కరణాలు గుడ్డలో చుట్టి పెట్టుకున్న కాగితాలు గుర్తొస్తాయి. కానీ ల్యాబ్‌లో ఎవరితోనైనా "సంచయం తెరువు" అంటే నన్ను ఎగాదిగా చూస్తారు. అందుకని ఇక్కడ ఫైల్, ఫోల్డర్ అనే అంటాను.)

మొదట చేసిన పని, కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కడం. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో దీంతో డీటెయిల్స్ వ్యూ వస్తుంది. ఒక్కో ఫైలుకి ఒక్కో వరుస, పేరు పూర్తిగా, పక్కన తేదీ, రకం, సైజు కాలమ్‌లుగా. కంట్రోల్, షిఫ్ట్, 2 నొక్కితే మళ్ళీ పెద్ద ఐకాన్లు. ఫోటోలు ఎంచుకునేటప్పుడు ఐకాన్లే మేలు, రాతలు ఎంచుకునేటప్పుడు డీటెయిల్సే మేలు. నాలుగేళ్ళుగా ల్యాప్‌టాప్ వాడుతూ ఈ షార్ట్‌కట్ తెలీకపోవడం కొంచెం సిగ్గుగానే ఉంది.

డేట్ మోడిఫైడ్ అనే కాలమ్ మీద క్లిక్ చేస్తే కొత్తవి పైకి వస్తాయి. హమ్మయ్య, ఇది ముందే చేసుంటే సరిపోయేది కదా అనుకుని క్లిక్ చేశాను. "ఫైనల్" పైకి వచ్చింది! "కొత్తది" దాని కింద ఉంది. అంటే డీటెయిల్స్ వ్యూ పెట్టుకుని ఉన్నా కూడా నేను అదే తప్పు చేసేవాణ్ణి.

ఎందుకలా? రెండూ నేను మెయిల్ నుంచి ఒకే సాయంత్రం దించాను. కొత్త మెయిల్ పైన ఉంటుంది కాబట్టి కొత్తది ముందు దించాను, పది నిమిషాల తర్వాత కిందకి వెళ్ళి పాతది దించాను. డేట్ మోడిఫైడ్ అంటే ఆ కంప్యూటర్‌లో ఆ ఫైలుని చివరిసారి రాసిన సమయం. బ్రౌజర్ మెయిల్‌లోంచి దించి డిస్క్ మీద రాసిన క్షణమే దానికి తెలుసు. ఆ అమ్మాయి హాస్టల్ గదిలో కూర్చుని ఎప్పుడు సేవ్ చేసిందో దానికేం తెలుసు?

డేట్ క్రియేటెడ్ ఇంకా తికమక పెడుతుంది. ఒక ఫైలుని పెన్ డ్రైవ్‌లోంచి కాపీ చేస్తే మోడిఫైడ్ తేదీ పాతదే ఉంటుంది, క్రియేటెడ్ తేదీ మాత్రం కాపీ చేసిన రోజుకి మారిపోతుంది. పుట్టకముందే మారిన ఫైలు అన్నమాట. మొదటిసారి చూసినప్పుడు నా సిస్టమ్‌లో గడియారం పాడైందనుకున్నాను.

మరి దారేది? కాలమ్ పేర్లున్న వరుస మీద రైట్ క్లిక్ చేసి, కింద ఉన్న మోర్ అనేది నొక్కండి. వందల కొద్దీ కాలమ్‌ల జాబితా తెరుచుకుంటుంది. అందులో డేట్ లాస్ట్ సేవ్డ్ అని ఒకటుంది. దానికి టిక్ పెట్టండి. ఇది డిస్క్ చెప్పే తేదీ కాదు, వర్డ్ ఫైలు తన కడుపులో రాసుకున్న తేదీ. మెయిల్‌లో వెళ్ళినా, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా వెళ్ళినా, పెన్ డ్రైవ్‌లో తిరిగినా అది మారదు. నేను టిక్ పెట్టగానే రెండు ఫైళ్ళ పక్కన రెండు తేదీలు వచ్చాయి, మధ్యలో సరిగ్గా ఎనిమిది రోజుల తేడా. అంతసేపూ అక్కడే ఉంది. నేనే అడగలేదు.

ఆ తేదీ ఎక్కడుంటుందో కళ్ళారా చూడాలంటే ఒక సరదా పని చేయండి. ఏదైనా వర్డ్ ఫైలుకి కాపీ తీసి, చివర డాక్ఎక్స్ అని ఉన్నదాన్ని జిప్ అని మార్చి తెరవండి. తెరుచుకుంటుంది! డాక్ఎక్స్ అంటే నిజానికి జిప్ చేసిన ఒక చిన్న ఫోల్డరే. లోపల డాక్‌ప్రాప్స్ అనే ఫోల్డర్‌లో కోర్ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు ఉంటుంది. అందులో ఎవరు రాశారు, చివరగా ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నీ ఉంటాయి. అన్ని ఫైళ్ళలో ఇది ఉంటుందని నమ్మకం పెట్టుకోకండి. వేరే యాప్‌లో తయారైన ఫైళ్ళలో కొన్నిసార్లు ఖాళీగా ఉంటుంది, అప్పుడు కాలమ్ కూడా ఖాళీగానే కనిపిస్తుంది.

దీంతోనే ఇంకో చిక్కు బయటపడింది. మన కథల పోటీకి పేర్లు లేకుండా పంపమంటాం కదా, జడ్జీలకి ఎవరిదో తెలీకూడదని. ఆథర్స్ కాలమ్‌కి టిక్ పెట్టి చూస్తే చాలా ఎంట్రీల పక్కన రాసినవాళ్ళ పేర్లు చక్కగా కనిపిస్తున్నాయి. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్ ట్యాబ్, కింద రిమూవ్ ప్రాపర్టీస్ అనే లింక్ ఉంటుంది. పోటీకి పంపేవాళ్ళు దాన్ని నొక్కి, పేరు తీసేసి పంపండి.

ఇప్పుడు అసలు ఆ ఫోల్డర్ పెద్ద ఐకాన్లుగా ఎందుకు తెరుచుకుందో చూద్దాం. నేనైతే అలా పెట్టలేదు. విండోస్ ప్రతి ఫోల్డర్‌కీ ఒక మూస ఇస్తుంది. మొత్తం ఐదు మూసలు: మామూలువి, డాక్యుమెంట్లు, బొమ్మలు, పాటలు, వీడియోలు. లోపల ఏవి ఎక్కువుంటే ఆ మూస తనే ఊహించుకుంటుంది. మేం రచయితల ఫోటోలు కూడా అందులోనే పడేశాం కాబట్టి అది బొమ్మల ఫోల్డర్ అనుకుంది, పెద్ద ఐకాన్లు పెట్టింది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కస్టమైజ్ ట్యాబ్‌కి వెళ్తే ఈ మూస మార్చొచ్చు. అక్కడే లోపలి ఫోల్డర్లకీ ఇదే వర్తించాలని టిక్ పెట్టే చోటు ఉంటుంది.

ఈ మూసల సంగతి తెలీక చాలామంది విసుక్కుంటారు. ఒక ఫోల్డర్‌ని మనకి నచ్చినట్టు పెట్టుకుని, ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కి వెళ్ళి అప్లై టు ఫోల్డర్స్ నొక్కుతాం. కొన్ని ఫోల్డర్లు మారతాయి, కొన్ని మొండికేస్తాయి. కారణం ఇదే. ఆ బటన్ అదే మూస ఉన్న ఫోల్డర్లకే పనిచేస్తుంది. డాక్యుమెంట్ల మూసలో చేసింది బొమ్మల మూసకి అంటదు. ఒక్కో మూసకి ఒక్కోసారి చేయాల్సిందే. విండోస్ 10, 11లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఈరోజు, నిన్న, పోయిన వారం అని ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది చూశారా, అది గ్రూప్ బై అనే సెట్టింగ్ పని. ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, గ్రూప్ బై దగ్గర నన్ అని పెడితే పోతుంది.

ఇంకో మాట. విండోస్ ఈ వ్యూ సెట్టింగులని ఫోల్డర్ లోపల దాచదు, మీ యూజర్ అకౌంట్ తాలూకు రిజిస్ట్రీలో దాస్తుంది. కాబట్టి మీ గదిలో ముచ్చటగా సర్దుకున్న ఫోల్డర్‌ని పెన్ డ్రైవ్‌లో వేసుకుని ల్యాబ్‌కి తీసుకెళ్తే ఆ సర్దుడంతా గదిలోనే ఉండిపోతుంది. మ్యాక్ దీనికి ఉల్టా. అది ప్రతి ఫోల్డర్‌లోనూ డాట్ డీఎస్ స్టోర్ అని ఒక ఫైలు పెట్టి, ఐకాన్లు ఎక్కడున్నాయో అందులో రాసుకుంటుంది. మ్యాక్ ఉన్న ఫ్రెండ్ పెన్ డ్రైవ్‌ని మీ విండోస్‌కి పెడితే అనుమానంగా కనిపించేది అదే. వైరస్ కాదు, కంగారు పడకండి.

వ్యూ మనతో రాదు కాబట్టి, ఎక్కడికెళ్ళినా మనతో వచ్చేది ఒక్కటే, ఫైలు పేరు. నా అసలు పాఠం ఇక్కడే మొదలైంది.

తేదీని పేరులోనే పెట్టాలి, పేరు మొదట్లోనే పెట్టాలి, అదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో: 2025-02-09 లాగా. మనకి అలవాటైన రోజు, నెల, సంవత్సరం వరుసలో పెడితే అక్షర క్రమంలో పేర్చినప్పుడు అన్ని నెలల ఒకటో తేదీలూ ఒకచోటికి చేరతాయి. సంవత్సరం ముందుంటే అక్షర క్రమమూ కాలక్రమమూ ఒకటే అవుతాయి. ఇది నేను కనిపెట్టింది కాదు, ఐఎస్ఓ 8601 అని 1988లోనే వచ్చిన ప్రమాణం. మధ్యలో ఏటవాలు గీత పెడదామంటే విండోస్ ఒప్పుకోదు. ఆ గీత, కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు లాంటివి ఫైలు పేర్లలో నిషేధం. "నువ్వెవరు?" అని కవిత పేరు పెట్టినవాళ్ళకి ఇది అనుభవమే.

నంబర్లు వేసేవాళ్ళు 2 బదులు 02 వేయండి. విండోస్ ఎక్స్‌ప్లోరర్ తెలివైనది, ఎక్స్‌పీ రోజుల నుంచీ పేరులోని అంకెలని సంఖ్యగా చదివి 2 తర్వాతే 10 చూపిస్తుంది. కానీ లినక్స్ టెర్మినల్‌లో ఎల్ఎస్ అని కొడితే అది ఒక్కో అక్షరాన్నే పోల్చుకుంటూ పోతుంది, 1 చిన్నది కాబట్టి "కథ 10" ముందు, "కథ 2" వెనక. ఎల్ఎస్‌కి హైఫన్ వి తగిలిస్తే సరిగ్గా పేరుస్తుంది గానీ, అంతవరకూ ఎవరికి గుర్తుంటుంది?

తెలుగు పేర్లు పెట్టేవాళ్ళకి ఇంకో మూడు సంగతులు.

ఒకటి, వరుస. పైథాన్‌లో సార్టెడ్ అనే ఫంక్షన్‌కి తెలుగు పేర్లిస్తే అది యూనికోడ్ నంబర్ల ప్రకారం పేరుస్తుంది. యూనికోడ్‌లో 'ళ' వచ్చి 'ల' పక్కన కూర్చుంది, 'వ' కంటే ముందు. బళ్ళో మనకి చెప్పిన వరుసలో 'ళ' ఎక్కడో 'హ' తర్వాత. అందుకని కల, కళ, కవి అనే వరుస వస్తుంది. నిఘంటువు అలవాటున్నవాళ్ళు కవి తర్వాత కళ కోసం వెతుకుతూ కూర్చుంటారు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఈ గొడవే ఉండదనుకున్నా. కానీ 'హ' తర్వాత ఏమొస్తుందో అమ్మని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

రెండు, పొడవు. లినక్స్‌లో మామూలుగా ఉండే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో ఇంగ్లీష్ అక్షరం ఒక బైటు, తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. అంటే మనకి 85 గుర్తులే. గుర్తులు అంటున్నాను, అక్షరాలు అనట్లేదు. "స్త్రీ" చూడ్డానికి ఒక్క అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం ఆరు. 18 బైట్లు! కవిత మొదటి పాదం మొత్తాన్నీ ఫైలు పేరుగా పెట్టి పంపే మహానుభావులున్నారు మన క్లబ్‌లో. విండోస్‌లో లెక్క వేరు కాబట్టి అక్కడ బాగానే ఉంటుంది, ఆ జిప్‌ని లినక్స్ ల్యాబ్‌లో విప్పినప్పుడు పేరు మరీ పొడుగైందని ఎర్రర్ ఇస్తుంది.

మూడోది నన్ను బాగా ఏడిపించింది. "సైకిల్" అన్న మాట చివర పొల్లు ఉంది కదా, కొన్ని తెలుగు కీబోర్డులు ఆ పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తుని చేరుస్తాయి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా మారిపోకుండా ఆపడమే దాని పని. మాట మధ్యలో అది కావాలి. మాట చివర ఉంటే మాత్రం ఏ తేడా కనిపించదు, కానీ కంప్యూటర్‌కి అది వేరే పేరు. అలా ఒకే ఫోల్డర్‌లో అచ్చు గుద్దినట్టు ఒకే పేరున్న రెండు ఫైళ్ళు ఉండగలవు. మొన్న పాత సంచికల ఫైళ్ళలో డూప్లికేట్లు ఏరడానికి చిన్న ప్రోగ్రామ్ రాశాను. పేర్లు పోల్చితే ఒకటే అయినవాటిని కూడా కాదు పొమ్మంది. రెండు పేర్ల పొడవు ప్రింట్ చేయించాకే తెలిసింది, ఒకదానికి ఒక్క గుర్తు ఎక్కువ.

ఇక పేరు తోక సంగతి. విండోస్ ఇప్పటికీ మామూలుగా ఫైలు తోకని, అంటే ఎక్స్‌టెన్షన్‌ని, దాచిపెడుతుంది. విండోస్ 11లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్. విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే టిక్ ఉంటుంది. ఈ వ్యాసంలో మిగతావన్నీ మర్చిపోయినా ఈ టిక్ మాత్రం ఇప్పుడే పెట్టేయండి. 2000 మే నెలలో లోకాన్ని వణికించిన ఐ లవ్ యూ వైరస్ మెయిల్‌లో లవ్ లెటర్‌గా వచ్చింది. దాని ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ, ఆ తర్వాత వీబీఎస్ ఉన్నాయి. వీబీఎస్ అంటే నడిచే స్క్రిప్ట్. విండోస్ ఆ చివరి తోకని దాచేయడంతో జనానికి అది మామూలు టెక్స్ట్ ఫైలులా కనిపించింది, తెరిచారు. పాతికేళ్ళయినా ఆ కిటుకు చావలేదు. ఈఎక్స్ఈ ఫైలు తన ఐకాన్ తనే తెచ్చుకోగలదు, పీడీఎఫ్ బొమ్మ తగిలించుకుని రాగలదు. ప్లేస్‌మెంట్ల టైంలో "ఆఫర్ లెటర్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ" అని ఒకటి వస్తే, తోక దాగి ఉన్న సిస్టమ్‌లో మనకి కనిపించేది "ఆఫర్ లెటర్.పీడీఎఫ్" మాత్రమే. పక్కన పీడీఎఫ్ బొమ్మ. ఎవడు క్లిక్ చేయడు చెప్పండి?

దాచిన ఫైళ్ళ గురించి ఒక ముచ్చట. లినక్స్‌లో పేరు ముందు చుక్క ఉంటే ఆ ఫైలు కనిపించదు. ఇదేదో పెద్ద ప్లాన్ అనుకునేవాణ్ణి. యూనిక్స్ మీద పనిచేసిన రాబ్ పైక్ చెప్పిన ప్రకారం అది పొరపాటున పుట్టింది. ప్రతి ఫోల్డర్‌లో ఉండే ఒక చుక్క, రెండు చుక్కల ఎంట్రీలని చూపించకూడదని, మొదటి అక్షరం చుక్క అయితే వదిలెయ్ అని షార్ట్‌కట్‌లో రాసేశారట. అప్పటి నుంచి చుక్కతో మొదలయ్యేవన్నీ అదృశ్యం.

ఐకాన్లు, రంగులు మార్చుకోవడం గురించి రాయమన్నారు గానీ నాకు దాని మీద పెద్ద ఆసక్తి లేదు. అదే కస్టమైజ్ ట్యాబ్‌లో ఛేంజ్ ఐకాన్ ఉంటుంది, ఎంచుకుంటే విండోస్ ఆ ఫోల్డర్‌లో డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ అనే దాచిన ఫైలు ఒకటి పెడుతుంది, అంతే. నేను ఒక్క ఫోల్డర్‌కే పెట్టాను. దాని పేరు "వేయకూడనివి". తాళం బొమ్మ పెట్టాను. రచయిత వెనక్కి తీసుకున్న ప్రతీదీ ఇప్పుడు ముందు అందులోకి వెళ్తుంది, తర్వాత డిలీట్ అవుతుంది. ఫోటోలు వేరే ఫోల్డర్‌కి మార్చాను.

ఈసారి నుంచి మీరు పంపే ఫైలుకి పేరు ఇలా పెట్టండి: ముందు తేదీ, తర్వాత రచన పేరు, తర్వాత వి01, వి02 అని. ఫైనల్, కొత్తది, అసలైనది, లాస్ట్ వన్, ఇవేవీ వద్దు. వెనక్కి తీసుకోవాలనుకుంటే మెసేజ్‌తో పాటు ఫైలు పేరు కూడా పూర్తిగా రాయండి, నేను దాన్ని తాళం ఫోల్డర్‌లో పెట్టి స్క్రీన్‌షాట్ పంపుతాను.

ఆ జూనియర్ ఈ సంచికకి ఇంకో కథ పంపింది. పేరు చివర వి03 అని ఉంది. వి01, వి02 ఏవమ్మా అని అడిగితే, అవి మీకు పంపనన్నా అంది.